ఒకే మాట రెండుసార్లు

బర్మింగ్‌హామ్ మెటల్ బృందం బ్లాక్ సబ్బాత్ పాడిన ‘వార్ పిగ్స్’ పాటను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ముందుగా చూపించే తప్పు ఒకటుంది. మొదటి పాదం ‘మాసెస్’ అన్న మాటతో ముగుస్తుంది. రెండో పాదమూ అదే మాటతో ముగుస్తుంది. ప్రాసకు ఇంకో మాట దొరక్క ఉన్నదాన్నే మళ్లీ పెట్టేశారని వాళ్ల ఆక్షేపణ. ఇంగ్లిష్ పద్యానికి అలవాటుపడ్డ చెవికి అది లోపమే. అక్కడ అంత్యప్రాస అంటే శబ్దం కలవాలి, మాట మారాలి. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో, అరిగిపోయిన క్యాసెట్ మీద ఈ పాట మొదటిసారి విన్నప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. చాలా ఏళ్లు అదే అభిప్రాయంతో ఉన్నాను.

దాన్ని మార్చింది పోతన. భాగవతంలో నరకాసురుడి మీద యుద్ధానికి లేచిన సత్యభామతో కృష్ణుడు చెప్పే పద్యం మనలో చాలామందికి నోటికి వచ్చు. అందులో ‘లేమ’ ఒకచోట స్త్రీ. ఇంకోచోట అదే శబ్దం, గెలవడం మన వల్ల కాదా అన్న ప్రశ్న. శబ్దం ఒకటే, అర్థం వేరు. బళ్లో యమకం అని చెప్పి మాస్టారు బోర్డు మీద రాసింది ఇదే. మన పద్యంలో అందమైనది బర్మింగ్‌హామ్ కుర్రాడి పాటలో అసమర్థత ఎలా అవుతుంది? ఆ ప్రశ్న వచ్చాక పాటను మళ్లీ మొదటినుంచి విన్నాను. ఈసారి మాటలు కాగితం మీద రాసుకుని విన్నాను.

‘మాసెస్’కు ఒక అర్థం గుంపులు, సమూహాలు. ఇంకో అర్థం కేథలిక్కుల దివ్యబలిపూజ. ఆ పూజను తలకిందులు చేసి సైతానుకు చేసేదాన్ని ‘బ్లాక్ మాస్’ అంటారు. పాటలో సైన్యాధిపతులు కూడే చోట ‘మాసెస్’ గుంపు. మంత్రగత్తెలు కూడే చోట అదే మాట క్షుద్రపూజ. ఈ కూడిక ఎలాంటిదో ఆ కూడికా అలాంటిదే అని పాట చెప్పదలచుకుంది. వేరే మాట తెచ్చి ప్రాస కలిపితే రెండూ పక్కపక్కన నిలబడేవి. ఒకే మాట కావడం వల్ల ఒకదానిలోకి ఇంకొకటి దిగిపోయాయి. పాట చేసే ఆరోపణంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

ఆ మాట రాసినవాడు గీజర్ బట్లర్. బృందంలో బేస్ గిటార్ వాయించేవాడు, పాటలు ఎక్కువగా రాసేవాడు. 1949లో బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్‌లో పుట్టాడు. ఐరిష్ కేథలిక్ కుటుంబం. పూజ, పాపం, తీర్పు దినం, మోకాళ్ల మీద పశ్చాత్తాపం వంటివి అతను పుస్తకాల్లోంచి ఏరుకున్న అలంకారాలు కావు. ఇంటి భాష. గాయకుడు ఓజీ ఆజ్బర్న్, గిటారిస్టు టోనీ అయోమీ, డ్రమ్మర్ బిల్ వార్డ్ ముగ్గురూ 1948లో అదే ప్రాంతంలో పుట్టినవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలు బాంబులు కురిపించిన ఊరు అది. కార్ఖానాల ఊరు కూడా. అయోమీ పదిహేడో ఏట ఇనుపరేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. కరిగించిన ప్లాస్టిక్‌తో తొడుగులు చేసుకుని మళ్లీ గిటార్ పట్టుకున్నాడు. యుద్ధానికి మనుషులను ఎక్కడినుంచి తెస్తారో, ఫ్యాక్టరీకి ఎక్కడినుంచి తెస్తారో అలాంటి వీధుల్లో పెరిగిన పిల్లలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక పాట ఎలా తయారైందన్న సంగతి. మెరుగుపరచడమంటే ఏమిటో నేర్పే ఉదాహరణగా దీన్ని రచయితలందరికీ చూపించాలనిపిస్తుంది. ఈ పాటకు మొదటి పేరు ‘వాల్పర్గిస్’. ఏప్రిల్ 30 రాత్రి మంత్రగత్తెలు కొండ మీద కలుస్తారని జర్మన్ జానపదుల నమ్మకం. ఆ రాత్రి పేరే అది. 1970లో బీబీసీ రేడియో కోసం పాడిన ఆ తొలి రూపం 1997లో ఓజీ సంకలనం ‘ది ఆజ్‌మన్ కమెత్’లో బయటికి వచ్చింది కనుక ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి వినవచ్చు. తొలి రూపంలో మంత్రగత్తెలే కర్తలు. క్షుద్రపూజకు కూడేది వాళ్లే, శవాలు కాలేది అక్కడే. సైన్యాధిపతి ఊసు లేదు. బట్లర్ తర్వాతి రోజుల్లో చెప్పిన ప్రకారం అతని మనసులో అప్పటికే యుద్ధమే అసలైన సైతాను. కానీ ఆ ఊహ మాటల్లోకి రాలేదు. వినేవాడికి దయ్యాల కథే వినిపిస్తుంది. ఆ పేరు మరీ సైతాను పూజలా ఉందని రికార్డింగ్ కంపెనీ అడ్డం చెప్పింది. పేరు మారింది, మాటలు మారాయి.

ఎంత మారాయి? ఇక్కడే నాకు అతని పనితనం మీద గౌరవం పెరిగింది. పాత సామాను అతను పారేయలేదు. మంత్రగత్తెలను కర్త స్థానంలోంచి లేపి, అక్కడ సైన్యాధిపతులను కూర్చోబెట్టాడు. మంత్రగత్తెలను ‘అచ్చం వీళ్లలాగే’ అనే పోలికలోకి తోశాడు. మన అలంకారశాస్త్రం మాటల్లో చెబితే, ఉపమేయంగా ఉన్నది ఉపమానమైంది. కాలే శవాలు కూడా ఉన్నాయి. అవి తొలి రూపంలోని పాడుబడ్డ చర్చి పక్కనుంచి యుద్ధభూమి పొలాల్లోకి వచ్చాయి. 1970లో పొలాల్లో కాలే శవాలంటే వియత్నాం, నాపామ్ బాంబులు గుర్తు రాని మనిషి ఉండడు. దేశం పేరు చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

ఈ పాటను సైతాను స్తోత్రం అన్నవాళ్లు వినకుండా దాటేసింది సరిగ్గా ఆ పోలిక మాటనే. మంత్రగత్తెలు, మాంత్రికులు, సైతాను అన్న పేర్లు వాళ్ల చెవిలో పడ్డాయి. ఎవరిని ఎవరితో పోలుస్తున్నారన్నది పడలేదు. ‘రావణుడిలా అపహరించాడు’ అన్న వాక్యం రావణుడి మీద స్తుతి కాదు కదా. పోలికలో బరువు ఎటు మొగ్గిందో చూడకుండా పదాల జాబితా చదివి తీర్పు చెప్పడం పాటకు చేసే అన్యాయం. అర్థం రెండు వైపులా ఉన్న పాటను చదవాలంటే మొదట వ్యాకరణం చూడాలి, తర్వాతే భావజాలం.

పోలిక అక్కడితో ఆగదు. మొదటి పాదాల్లో సైన్యాధిపతులు మంత్రగత్తెల్లాంటివాళ్లు. వెంటనే వచ్చే మాటల్లో ‘లాంటి’ పోతుంది. మారణాయుధాలు తయారుచేసేవాళ్లు నేరుగా మాంత్రికులే అయిపోతారు. ఉపమ రూపకంగా మారింది. పాట ముందుకు పోయేకొద్దీ ఆరోపణకూ ముద్దాయికీ మధ్య దూరం ఇలా తగ్గుతూ వస్తుంది. ఇదంతా అలంకారశాస్త్రం చదివి చేశాడని నేను అనడం లేదు. వడ్రంగి కొలత చూడకుండానే సరిగ్గా కోసినట్టు కొందరి చేతికి అది వస్తుంది.

ఇక్కడ పాట గొంతు మారుస్తుంది. అది సంగీతంలోనూ వినిపిస్తుంది కాబట్టి ఆ సంగతి చెప్పాలి. మొదటి చరణంలో గిటార్, బేస్ కలిసి రెండు దెబ్బలు కొట్టి ఆగిపోతాయి. హై-హాట్ తాళాల టిక్‌టిక్ తప్ప ఏమీ ఉండదు. ఆ ఖాళీలో ఓజీ ఒక్కో పాదం పాడతాడు. మళ్లీ రెండు దెబ్బలు. మెటల్ పాటల్లో మాటలు అర్థం కావన్న ఫిర్యాదు మన పెద్దవాళ్ల దగ్గర తరచూ వింటాం. ఈ పాటలో ఆ ఫిర్యాదుకు చోటే లేదు. అంత పెద్ద చప్పుడు చేసే బృందం మాట వచ్చేసరికి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఓజీ గొంతులో గమకాలు లేవు, విన్యాసం లేదు. ఊళ్లో చాటింపు వేసేవాడిలా చెప్పుకుపోతాడు. ఈ మాటలకు అదే తగింది. ఏడుపు కలిపి పాడితే పాట చెడిపోయేది.

తర్వాతి భాగంలో ఆ ఖాళీలు మూసుకుపోతాయి. గిటార్ రిఫ్ ఆగకుండా నడుస్తూ ఉంటే దాని మీద మాటలు పరుగెడతాయి. ఇక్కడ మంత్రగత్తెలు లేరు, సైతాను లేడు. రాజకీయ నాయకులు అన్న మాట పేరుపెట్టి వస్తుంది. యుద్ధం మొదలుపెట్టింది వాళ్లని, దాక్కునేదీ వాళ్లేనని, పోరాడే పని పేదవాళ్లకు వదిలేశారని పాట నిలదీస్తుంది. మనుషులను చదరంగంలో బంట్లలా వాడుతున్నారన్న మాటలో మొదటి చరణంలోని ‘అచ్చం అలాగే’ మళ్లీ వినిపిస్తుంది. అక్కడ పైవాళ్లు దేనిలాంటివాళ్లో చెప్పిన పోలిక, ఇక్కడ కిందివాళ్లను ఏం చేశారో చెబుతుంది. రాజకీయార్థం ఉందా లేదా అని తలలు బద్దలు కొట్టుకునేవాళ్లు ఈ భాగం దగ్గర కాసేపు ఆగితే చాలు. రూపకాలు పక్కన పెట్టి నేరుగా మాట్లాడిన చోటు ఇది. ముందూ వెనకా ఉన్న దయ్యాల భాషను చదవడానికి ఇదే తాళంచెవి.

చివరి చరణంలో మళ్లీ ఆ ఖాళీలు, ఆ రెండు దెబ్బలు. ‘వార్ పిగ్స్’ అన్న మాట మొదటిసారి వచ్చేది ఇక్కడే. దాదాపు ఎనిమిది నిమిషాల పాటలో శీర్షిక కోసం చివరి చరణం దాకా ఆగాలి. పల్లవి లేని పాట కాబట్టి అది మాటిమాటికీ వచ్చి అరిగిపోదు. వాళ్లు ఓడిపోయి మోకాళ్ల మీద పాకే క్షణంలోనే ఆ తిట్టు పడుతుంది. అధికారంలో ఉన్నంతసేపూ వాళ్లు సైన్యాధిపతులు, నాయకులు. అధికారం జారాకే పందులు.

కాలే శవాలు ఇక్కడ మూడోసారి పని చేస్తాయి. తొలి రూపంలో పూజలో కాలినవి, తర్వాత పొలాల్లో సైనికులవై కాలినవి, ఇప్పుడు యుద్ధం చేయించినవాళ్లవి. ఆగకుండా తిరిగిన యుద్ధయంత్రం గురించి మొదట విన్నాం. చివర్లో ఆగిపోయేది లోకం. ఒకే ప్రాస జంటను రెండు చరణాల్లో వాడి, ముందు దాన్ని నేరానికి కట్టి, తర్వాత శిక్షకు కట్టాడు. ప్రాస కుదరక మాటలు తిరగవాడాడన్నవాళ్లు ఇక్కడికి వచ్చి చూడాలి.

తీర్పు చెప్పేది ఎవరు? దేవుడు. ఆ సంగతి పాటలో దాచిపెట్టలేదు, తీర్పు దినం పేరుతో సహా ఉంది. సైతాను వచ్చేది చివరి పాదంలో, రెక్కలు విప్పి నవ్వడానికి మాత్రమే. అతను గెలిచినట్టా? నేను చదివిన పద్ధతిలో కాదు. తనకు రావలసిన సరుకు వచ్చిందని సంతోషించే వ్యాపారి నవ్వు అది. కేథలిక్ ఇంట్లో పెరిగిన పిల్లవాడి మతబోధ ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిలబడి ఉంది. మరుసటి ఏడాది, 1971లో, ‘ఆఫ్టర్ ఫరెవర్’ పాటలో ఇదే బట్లర్ దేవుడిమీద నమ్మకాన్ని బాహాటంగా సమర్థించాడు. అయినా సైతాను బృందమన్న ముద్ర వాళ్లను వదల్లేదు.

ఇంతవరకూ చెప్పిన దాన్నిబట్టి ఈ పాటలో అస్పష్టత ఏమీ లేదనిపించవచ్చు. ఉంది. ఏ యుద్ధం? బట్లర్ ఇది వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా రాసిందేనని చెప్పాడు. ఓజీ మాత్రం మాకు వియత్నాం గురించి ఏమీ తెలియదు, ఇది యుద్ధానికి వ్యతిరేకమైన పాట, అంతే అన్నాడు. రాసినవాడూ పాడినవాడూ చెరో మాట. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పని నేను అనుకోను. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ వియత్నాంకు సైన్యాన్ని పంపలేదు. 1968 మార్చిలో లండన్ గ్రోవనర్ స్క్వేర్‌లో అమెరికా రాయబార కార్యాలయం ముందు వేలమంది యువకులు పోలీసులతో తలపడ్డారు. ఆ యుద్ధం వాళ్లది కాదు, కానీ టీవీలో ప్రతి సాయంత్రం ఇంట్లోకి వచ్చేది. పాటలో దేశం పేరు లేకపోవడం సరిగ్గా ఆ స్థితి. రాసినవాడు ఒక యుద్ధాన్ని చూసి రాశాడు. రాసిన మాటలు ఏ యుద్ధానికైనా సరిపోయాయి. ఇది మసక కాదు, వెడల్పు.

ఇంకో సంగతి చెప్పితీరాలి. పాట మొదట్లో, మందంగా కదిలే గిటార్ మీదుగా వైమానిక దాడి సైరన్ మోగుతుంది. యుద్ధం పాట అని ఒక్క మాట రాకముందే మనకు తెలిసేది దానివల్లే. ఆ సైరన్ బట్లర్ ఊహ కాదు. నిర్మాత రోజర్ బెయిన్, ఇంజనీర్ టామ్ ఆలమ్ చేర్చింది. చివర్లో టేపు వేగం పెంచి పాటను పైకి ఎగదోసి ముగించిందీ వాళ్లే. బృందాన్ని అడగలేదు. తర్వాత విని బృందం సంతోషించింది. రచయిత ఉద్దేశమే అర్థమని పట్టుబట్టేవాళ్లకు ఈ సైరన్ మంచి సమాధానం. పాట అర్థం స్టూడియోలో నలుగురి చేతుల మీదుగా తయారవుతుంది.

అలాగని కనిపించినదల్లా సంకేతమే అనుకోవడమూ ప్రమాదం. ఈ పాట చివరి వాద్యభాగానికి అమెరికా ముద్రణలో ‘లూక్స్ వాల్’ అని విడిగా పేరుంది. అంతకుముందే తీర్పు దినం గురించి విన్న మనిషి లూకా సువార్త వైపు పరుగెత్తడం సహజం. అందులో దయ్యాలు పందుల మందలో దూరిన ఘట్టం కూడా ఉంది మరి. నేనూ ఓ సాయంత్రమంతా ఆ దారిలో నడిచాను. కానీ లూక్, వాల్ అన్నవి బృందం వెంట తిరిగిన ఇద్దరు సిబ్బంది పేర్లు. వాళ్ల మొదటి ఆల్బమ్‌లోని ‘ఎన్.ఐ.బి.’ పాట పేరును అభిమానులు క్రీస్తు జననానికి చీకటి రూపంగా విడగొట్టి చదివారు. నిజానికి అది బిల్ వార్డ్ గడ్డం కలం పాళీలా ఉందని పెట్టిన ముద్దుపేరు. సూరన రాఘవపాండవీయం చదివేటప్పుడు ప్రతి పద్యంలోనూ రెండు కథలు వెతకడం న్యాయం, ఎందుకంటే కవి ఆ ఒప్పందం ముందే చేసుకున్నాడు. అలాంటి ఒప్పందం లేని చోట రెండో అర్థానికి పాటలోంచే సాక్ష్యం రావాలి. ‘మాసెస్’కు సాక్ష్యం ఉంది. లూకాకు లేదు.

ఈ పాట విలువ తెలియాలంటే తర్వాత వచ్చినవాటిని దీని పక్కన పెట్టి చూడాలి. ఐరన్ మెయిడెన్ 1982 పాట ‘రన్ టు ది హిల్స్’ ముందు అమెరికా ఆదివాసుల గొంతుతో మాట్లాడి, తర్వాత వాళ్లను తరిమే సైనికుడి గొంతులోకి మారుతుంది. కొండలకు పరుగెత్తమనే పల్లవి మాత్రం ఎవరి నోట్లోంచి వస్తోందో చెప్పదు. అది తనవాళ్లకు చేసే హెచ్చరికా, వెంటపడేవాడి గర్జనా? రెండూ. ఆ పల్లవి కట్టుబడి నాకు ఎంతో ఇష్టం. స్లేయర్ బృందం 1986లో విడుదల చేసిన ‘ఏంజెల్ ఆఫ్ డెత్’ మరో కొస. నాజీల ఆష్విట్జ్ శిబిరంలో యోసెఫ్ మెంగెలే చేసిన ఘోరాలను బృంద సభ్యుడు జెఫ్ హానెమన్ ఒక్క ఖండన మాట లేకుండా వరసపెట్టి రాశాడు. కొలంబియా సంస్థ ఆ పాట ఉన్న ఆల్బమ్ పంపిణీకి ఒప్పుకోలేదు, గెఫెన్ తీసుకుంది. నాజీ సానుభూతి తమకు లేదని బృందం మళ్లీ మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది. హానెమన్ న్యాయమూర్తి కుర్చీ ఖాళీగా వదిలి, అందులో వినేవాడు కూర్చుంటాడని నమ్మాడు. అది కూడా ఒక కళే, కానీ ఆ నమ్మకం అందరి విషయంలోనూ నిలబడదు. బట్లర్ ఆ కుర్చీలో దేవుడినే కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ తెలివి ఎలా వచ్చిందో గానీ, భయంకరమైన బొమ్మలతో పాట నింపి కూడా అది ఎవరి పక్షమో తప్పిపోకుండా కాపాడింది ఆ నిర్ణయమే.

‘వార్ పిగ్స్’ ఉన్న ఆల్బమ్ 1970 సెప్టెంబర్ 18న బ్రిటన్‌లో విడుదలైంది. మొదట ఆల్బమ్‌కూ అదే పేరు అనుకున్నారు. కంపెనీ ‘పారనాయిడ్’ అని మార్చింది. అట్ట మీద బొమ్మ మాత్రం అలాగే ఉండిపోయింది. కత్తీ డాలూ పట్టుకుని చీకట్లోంచి దూసుకొచ్చే మనిషి ‘పారనాయిడ్’ అన్న మాట పక్కన ఎందుకున్నాడో ఆ పాట తెలియనివాళ్లకు ఇప్పటికీ అర్థం కాదు.

మెటల్ అంటే వెనక్కి తగ్గే పాఠకులను నేను అడిగేది చిన్నది. ఈ పాటలో సైరన్ తగ్గి హై-హాట్ మొదలైన చోటునుంచి మొదటి చరణం ఒక్కటి వినండి. రెండు ‘మాసెస్’లనూ చెవితో పట్టుకోండి. ‘లేమ’ను పట్టుకున్న చెవికి అది కష్టం కాదు.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ మైదానంలో నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. వాళ్లు పుట్టి పెరిగిన ఆస్టన్‌లోనే ఉంది ఆ మైదానం. నిలబడే శక్తి లేక ఓజీ కుర్చీలో కూర్చునే పాడాడు. ఆ రాత్రి బ్లాక్ సబ్బాత్ మొదట అందుకున్న పాట ‘వార్ పిగ్స్’. పదిహేడు రోజులకు, జూలై 22న, ఓజీ చనిపోయాడు.